లూథర్ గారి తలరాత

మన అలంకారశాస్త్రం నాయకుడికి భేదాలు, ఉపభేదాలు ఓపికగా కల్పించి, ప్రతినాయకుడి దగ్గరకు వచ్చేసరికి లుబ్ధుడు, ధీరోద్ధతుడు, పాపకర్ముడు, వ్యసనపరుడు అని ఒక్క శ్లోకార్ధంలో తేల్చేసింది. అతనికీ ఒక ఉద్యోగ జీవితం ఉంటుందనీ, అందులో పదోన్నతులు ఉంటాయనీ గ్రహించిన ఖ్యాతి అమెరికా కామిక్ పుస్తకాలకే దక్కాలి. సూపర్‌మ్యాన్ ప్రత్యర్థి లెక్స్ లూథర్ 1940లో కొలువులో చేరి, 2000 నాటికి అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఆ అరవై ఏళ్లలో కొండలు పిండి చేయగల సూపర్‌మ్యాన్ సాధించినదేమిటయ్యా అంటే, క్లార్క్ కెంట్ అన్న మారుపేరుతో చేరినప్పుడు విలేకరి, ఇప్పుడూ విలేకరి. మధ్యలో కొన్నాళ్లు టీవీలో వార్తలు చదివాడు గానీ దాన్ని ఎదుగుదల అనడానికి మనసొప్పదు.

లూథర్ కొలువులో చేరినప్పుడు అతనికి ఇంటిపేరు తప్ప పేరు లేదు; తల నిండా ఎర్రటి జుట్టు మాత్రం ఉంది. గాలిఓడకు వేలాడే నగరంలో కూర్చొని రెండు దేశాల మధ్య యుద్ధం రాజేయడం అతని మొదటి బాధ్యత. 1941లో దినపత్రికల కోసం సూపర్‌మ్యాన్ బొమ్మల కథ గీసిన లియో నోవాక్ అతణ్ని బట్టతలతో గీశాడు. పాత కథలోని బట్టతల అనుచరుణ్ని చూసి అతనే యజమాని అనుకున్నాడని కొందరూ, అంతకుముందే ఉన్న మరో బట్టతల విలన్‌తో పొరబడ్డాడని కొందరూ అంటారు. తలరాత రాసేది బ్రహ్మ అని మనం నమ్ముతాం. లూథర్ విషయంలో ఆ పని ఒక చిత్రకారుడి పరధ్యానం చేసింది. అన్నట్టు, సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1933లో సొంతంగా అచ్చేసుకున్న ఒక కథలో సూపర్‌మ్యాన్ అన్న పేరు ఒక బట్టతల దుర్మార్గుడిదే. ఆ తర్వాత పేరు ఒకరికీ, బట్టతల ఇంకొకరికీ పంపకమయ్యాయి.

పందొమ్మిదేళ్ల తర్వాత, 1960లో, ఆ పొరపాటుకు ఒక కారణం కనిపెట్టారు. సూపర్‌మ్యాన్ పెరిగిన స్మాల్‌విల్ ఊళ్లో కుర్ర లూథర్ సూపర్‌బాయ్‌కి, అంటే కుర్రతనపు సూపర్‌మ్యాన్‌కి, మిత్రుడు. అతని ప్రయోగశాలలో మంటలు లేస్తే సూపర్‌బాయ్ ఉఫ్ మని ఊది ఆర్పాడు. ఆ ఊపుకు రసాయనాలు ఒలికి, వాటి ఆవిరికి లూథర్ జుట్టంతా రాలిపోయింది. అప్పటినుంచి పగ. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టవద్దని మన పెద్దలు హెచ్చరించారు. ఇక్కడ బోడిగుండుకూ భూగోళానికీ ముడిపెట్టారు. న్యాయంగా చెప్పాలంటే, ఆ ప్రమాదంలో లూథర్ స్వయంగా సృష్టించిన జీవపదార్థం కూడా నశించింది. పాఠకులకు గుర్తుండిపోయింది మాత్రం జుట్టే. పరిశోధనకు లోకంలో దక్కే విలువ అంతే.

1978లో అతని స్థాయి కొంత అయోమయంలో పడింది. ఆ ఏడాది వచ్చిన ఒక పిల్లల నిఘంటువులో అతను నలభై కేకులు ఎత్తుకుపోయాడు. నలభై అంటే నాలుగు పదులని లెక్క చెప్పి మరీ ఆ పుస్తకం ఇది ఘోరమని విచారించింది. అదే ఏడాది వచ్చిన సూపర్‌మ్యాన్ సినిమాలో అతను ఎడారి భూములు కారుచౌకగా కొని, క్షిపణితో కాలిఫోర్నియా తీరాన్ని సముద్రంలో ముంచి, తన ఎడారిని సముద్రతీరపు స్థలంగా మార్చబోయాడు. మన దగ్గర వెంచర్లు వేసిన అనుభవజ్ఞులకు ఇందులో క్షిపణి ఒక్కటే అనవసరపు ఖర్చుగా కనిపిస్తుంది.

అసలైన పదోన్నతి 1986లో వచ్చింది. కామిక్ రచయిత జాన్ బర్న్ సూపర్‌మ్యాన్ కథను మొదటినుంచి తిరగరాసినప్పుడు, తోటి రచయిత మార్వ్ వుల్ఫ్‌మన్ ఆలోచన మేరకు లూథర్‌ను ఖైదీ దుస్తుల్లోంచి తీసి కోటు తొడిగి, ఒక మహా సంస్థకు అధిపతిని చేశారు. అంతకుముందు బ్యాంకు దోచేవాడిని పోలీసులు పట్టుకునేవారు. ఇప్పుడు నగరంలో సగం మంది అతని దగ్గర జీతగాళ్లు. పరిపాలనాదక్షత కూడా దానంతటదే వచ్చింది. 1987 నాటి ఒక కథలో అతని కంప్యూటర్ క్లార్క్ కెంటే సూపర్‌మ్యాన్ అని సరిగ్గా తేల్చి చెబితే, అంత శక్తి ఉన్నవాడు మామూలు మనిషిలా నటిస్తాడా అని మండిపడి, ఆ లెక్క కట్టిన ఉద్యోగినిని తీసేశాడు. కోటు వేసుకున్న శత్రువు ఆలోచన ఇంత ఆలస్యంగా తట్టడమే నాకు విడ్డూరం, ఎందుకంటే సీగెల్, షుస్టర్‌ల నుంచి సూపర్‌మ్యాన్ హక్కులను 1938లో 130 డాలర్లకు రాయించుకున్నది పిచ్చి శాస్త్రవేత్తలు కారు.

1990ల తొలినాళ్లలో లూథర్ చనిపోయినట్టు నటించి, ఎర్రజుట్టు, గడ్డం ఉన్న కొత్త శరీరంలో చేరి, ఆస్ట్రేలియాలో పెరిగిన తన కొడుకునని చెప్పుకుంటూ తన ఆస్తికి తానే వారసుడయ్యాడు. వారసత్వాన్ని ఇంత నిక్కచ్చిగా కాపాడుకున్న తండ్రిని మన రాజకీయాల్లోనూ చూడలేదు. అటుపిమ్మట అధ్యక్ష పదవికి ఎక్కువ దూరం ఉండదు కదా.

ఆ పదవి ఎలా పోయిందన్నదే విచారకరం. కోటులో ఉన్నంతకాలం అతణ్ని ఎవరూ ఏమీ చేయలేకపోయారు. చివరికి ఓర్పు నశించి, సూపర్‌మ్యాన్‌ను నీరసపరిచే క్రిప్టోనైట్ అనే ఖనిజం కలిపిన మందు ఒంట్లోకి ఎక్కించుకొని, పాత ఆకుపచ్చ, ఊదారంగు కవచం తొడుక్కొని, అందరూ చూస్తుండగా స్వయంగా కొట్లాటకు దిగాడు. అంతటితో కుర్చీ చేజారింది. దాన్ని అందుకున్న ఉపాధ్యక్షుడు పీట్ రాస్, క్లార్క్ కెంట్‌కు చిన్ననాటి స్నేహితుడు. అంత దగ్గరివాడు అధ్యక్షుడైనా క్లార్క్ విలేకరిగానే ఉండిపోయాడు.