గుడ్ మార్నింగ్ పువ్వులను వదిలేయండి, ఆ ఫైలు సంగతి చూడండి

పాలకొల్లు వైపు రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే కౌంటు ధరలతో పాటు ఈ మధ్య ఒక హెచ్చరిక కూడా తిరుగుతోంది. "గుడ్ మార్నింగ్ బొమ్మలు తెరిస్తే పది సెకన్లలో ఖాతా ఖాళీ. వాట్సాప్‌కు తాళం ఉంటుంది కాబట్టి ఫైళ్లలో వైరస్ రాదు. తెలిసినవారు పంపితే భయం లేదు. పది మందికి పంపండి." నాకే నలుగురు పంపారు. భయపెట్టిన చోట భయం అంతగా అక్కర్లేదు, ధైర్యం చెప్పిన చోటే మునిగిపోతాం.

బొమ్మల సంగతి. ఫోన్ బొమ్మను చూపిస్తుంది, ప్రోగ్రాములా నడపదు. లోపాలు అసలే లేవని అనను. 2019లో వాట్సాప్ కాల్‌లోని లోపం ద్వారా, కాల్ ఎత్తకపోయినా, సుమారు 1,400 మందిపై పెగాసస్ గూఢచార సాఫ్ట్‌వేర్ గురిపెట్టారు. విండోస్ కంప్యూటర్లలోని వాట్సాప్‌లో బొమ్మలా కనిపించే ఫైలు ప్రోగ్రాముగా నడిచే లోపం 2025లో బయటపడింది. రెండింటినీ అప్‌డేట్లతో సరిచేశారు. పెగాసస్ లాంటి ఖరీదైన ఆయుధం పట్టుకుని మన చెరువు గట్టు మీదికి ఎవరూ రారు లెండి.

ఇక తాళం, అంటే ఎన్‌క్రిప్షన్. 2016 నుంచి సందేశాలను దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. ఆత్రేయపురం నుంచి వచ్చిన పెట్టెకు సీలు చెదరలేదంటే దారిలో ఎవరూ విప్పలేదని అర్థం. లోపల ఉన్నవి పూతరేకులో, రాళ్లో సీలు చెబుతుందా?

అసలు ముప్పు మూడో మాటలో ఉంది. మా బాబాయికి పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు వచ్చింది. బొమ్మకైతే చిన్న చిత్రం కనిపించేది. దీనికి పేరు, పేరు చివర ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు గుర్తు) అనే మూడక్షరాలు, ఎన్ని ఎంబీలో తప్ప ఏమీ లేవు. పంపినవారు వియ్యంకుడు. ఆయన పంపినదాన్ని శంకిస్తే బాగుండదని బాబాయి నొక్కారు. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్ అని ఫోన్ అడ్డుపడితే సెట్టింగుల్లోకి వెళ్లి మరీ అనుమతించారు. ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వమని యాప్ అడిగితే దానికీ సరేనన్నారు. ఆ ఒక్క అనుమతితో బ్యాంకు ఓటీపీలు దొంగలకు చేరతాయి, వాట్సాప్ నమోదు కోడ్ కూడా. ఆ కోడ్‌తో బాబాయి వాట్సాప్‌ను వాళ్లు తమ ఫోన్‌లో తెరిచారు. సాయంత్రానికి అదే ఫైలు బాబాయి పేరుతో నాకు వచ్చింది. వియ్యంకుడికి ముందు రోజు జరిగిందీ ఇదే. వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకుని ఉంటే కోడ్ ఒక్కటే చాలేది కాదు.

పది మందికి పంపడమంటారా, 2018 నుంచి మన దేశంలో ఒక విడతలో అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ కాదు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు వెళ్లి ఖాతా ఆపించి, యాప్ తీసేయించి ఇంటికొచ్చాం. గ్రూపులో అప్పుడే ఎవరో ఒక గులాబీ పంపారు. బాబాయి ఫోన్‌ను దూరంగా పట్టుకుని, దాన్ని తెరవకుండానే తీసేశారు.