గడువు తీసేసిన పత్రానికి గడువు

విమానం నడపడం వచ్చునని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఒక మనిషికి పత్రం ఇచ్చిందంటే, దాని మీద గడువు తేదీ అంటూ ఉండదు. 24 నెలలకోసారి శిక్షకుడి పక్కన కూర్చుని కనీసం గంటసేపు ఎగిరి, మరో గంట నేల మీద ప్రశ్నలకు జవాబులు చెబితే తప్ప దాన్ని వాడుకోవడానికి వీల్లేదన్నది వేరే సంగతి. పత్రం మాత్రం పదిలంగా ఉంటుంది. అదే మనిషి ఇతరులకు విమానం నేర్పగలడని ఇచ్చే పత్రం, అంటే పైలట్లందరూ సీఎఫ్ఐ అని పిలుచుకునే శిక్షకుడి ధ్రువపత్రం, మొన్నమొన్నటి దాకా 24 క్యాలెండరు నెలలకే కాలం చేసేది. నేర్చుకున్నవాడు మరచిపోడు, నేర్పేవాడే మరచిపోతాడు అన్న ఈ సూక్ష్మాన్ని మన గురుకులాలు ఏనాడూ పసిగట్టలేకపోయాయి. పైగా ఆ మరపు కూడా ఎప్పుడు పడితే అప్పుడు రాదు. నెలాఖరు రోజు సాయంత్రం దాకా రెక్కలు గాలిలో పట్టు కోల్పోయే స్టాల్ అంటే ఏమిటో, గింగిరాలు తిరుగుతూ పడిపోయే స్పిన్ నుంచి ఎలా బయటపడాలో చక్కగా చెప్పగలిగిన గురువుగారు, ఒకటో తారీఖు తెల్లవారేసరికి చట్టం దృష్టిలో ఏమీ తెలియనివారైపోతారు.

ఈ వ్యవహారం తెలుగువారికి ఎందుకు పట్టిందో ముందు చెప్పాలి. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరితే చాలు; అమెరికాలో ఎయిర్‌లైన్స్ మెట్లెక్కాలంటే సాధారణంగా 1,500 గంటలు కావాలి. ఆ మధ్య గంటలు సంపాదించడానికి అక్కడి కుర్రవాళ్లు ఎక్కువగా ఎంచుకునే ఉద్యోగం, తమకు నిన్ననే వచ్చిన విద్యను మరొకరికి నేర్పడం. ఫ్లోరిడాకో టెక్సస్‌కో విమానం నేర్చుకోవడానికి వెళ్లిన మన పిల్లల్లోనూ కొందరు ఆ పత్రం సంపాదిస్తారు. తరువాత ఇంటికి వస్తారు, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలు రాస్తారు, లైసెన్సు మార్పించుకుంటారు, అదృష్టం బాగుంటే ఎయిర్‌బస్ కుడి సీట్లో కో-పైలట్‌గా కూర్చుంటారు. అమెరికా సీఎఫ్ఐ పత్రం బీరువాలో తల్లిదండ్రుల పట్టాదారు పాస్‌పుస్తకం పక్కన చేరుతుంది. మన దేశంలో రిజిస్టరైన విమానంలో శిక్షణ ఇవ్వడానికి అది పనికిరాదు. దానికి డీజీసీఏ వారి రేటింగు విడిగా ఉండాలి. ఎక్కడా అక్కరకు రాని ఈ పత్రాన్ని బ్రతికించుకోవడానికి మనవాళ్లు పడే తాపత్రయాన్ని ఈ వ్యాసకర్త భక్తి అనే అంటాడు.

ఆ భక్తికి మూలం భయమే. పత్రం ఒకసారి చేజారితే మళ్లీ ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోవాలి. సీఎఫ్ఐ పరీక్ష ఎలా ఉంటుందో అది రాసినవారిని అడగండి. విమానం ఎక్కకముందే, తెల్లబోర్డు ముందు నిలబెట్టి గంటల తరబడి అడిగే మౌఖిక పరీక్ష తలుచుకుంటే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్‌గారికి కూడా గొంతు తడారిపోతుంది.

మరి రెన్యూవల్‌కు మార్గాలు లేవా అంటే, నిబంధన చాలానే చూపిస్తుంది. 24 నెలల్లో కనీసం అయిదుగురు శిష్యులను ప్రాక్టికల్ పరీక్షకు పంపి, వారిలో 80 శాతం మంది, అంటే అయిదుగురికి నలుగురు, మొదటిసారే నెగ్గితే గురువుగారు నెగ్గినట్టే. న్యాయమైన షరతే. అయితే ఆ పరీక్ష ఎఫ్ఏఏ వారిది కావాలి. మన దేశంలో విమానం నేర్పే బడులున్న బారామతిలోనో ఫుర్సత్‌గంజ్‌లోనో ఎర్రటి ఎండలో చిన్న శిక్షణ విమానం కాక్‌పిట్‌లో చెమటలు కక్కుతూ రోజంతా పిల్లలకు ల్యాండింగులు నేర్పే శిక్షకుడి శ్రమ ఆ లెక్కలోకి రావడం కష్టం. ఆ పిల్లల చేత రన్‌వే మీద గంతులు మాన్పించి, గాలివాటం చూసి చుక్కాని తొక్కడం అలవాటు చేసి, చివరకు ఒంటరిగా పైకి పంపినవాడు అమెరికా దృష్టిలో ఈ రెండేళ్లూ ఏమీ చేయనట్టే. సింగిల్ ఇంజను విమానాన్ని తాకి ఏళ్లు గడిచిన ఎయిర్‌లైన్స్ పైలట్ మాత్రం మణికొండ అపార్టుమెంటులో లుంగీ కట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పునశ్చరణ కోర్సు అనబడే 16 గంటల పాఠాన్ని పూర్తి చేస్తే, ఆధునికమైన, తాజాగా ఉన్న, నమ్మదగిన శిక్షకుడవుతాడు. కోర్సు కోసం విమానం ఎక్కనక్కరలేదు. కిటికీలోంచి చూడనూ అక్కరలేదు.

ఈ కోర్సును వెక్కిరించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. శిక్షకుడికి ఉన్న ఒక చెడ్డ అలవాటు అతని శిష్యులందరికీ అంటుకుంటుంది కనుక, రెండేళ్లకోసారి అతన్ని కూర్చోబెట్టి నాలుగు మంచిమాటలు చెప్పడం అవసరమే. చెప్పే మాటల్లో రన్‌వే మీదకు పొరపాటున దూసుకువచ్చే విమానాల సంగతి ఉంటుంది. అది ఏ దేశంలోనైనా పనికొచ్చేదే. వాషింగ్టన్ నగరం చుట్టూ 30 నాటికల్ మైళ్ల మేర ఉన్న ప్రత్యేక గగనతలంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదన్న హెచ్చరిక కూడా ఉంటుంది. శంషాబాద్ నుంచి విజయవాడకు వెళ్లేవారు పొరపాటున అటు తిరిగే ప్రమాదం లేకపోలేదు కనుక దాన్నీ శ్రద్ధగానే చదవాలి.

చదవడం కూడా ఎవరి వేగంతో వారు చదవడానికి లేదు. కోర్సు 16 గంటలని నిర్ణయించారు కాబట్టి గడియారం 16 గంటలు నడవాలి. పేజీలోని పాఠం రెండు నిమిషాల్లో బుర్రకెక్కినా, తెర మూలనున్న అంకెలు సున్నాకు చేరేదాకా ‘తరువాత’ అన్న మీట వెలగదు. అలాగని లేచి వెళితే, మనిషి లేడని పసిగట్టి లాగిన్ తెంచేస్తుంది. అందువల్ల అర్ధరాత్రి వేళ ఒక చేత్తో మౌస్‌ను అటూ ఇటూ కదుపుతూ, మరో చేత్తో పెరుగన్నం తింటూ, విద్యాభ్యాసం సాగించాల్సి వస్తుంది. మన పింఛనుదారులు నవంబరులో బ్యాంకుకు వెళ్లి తాము బ్రతికే ఉన్నామని వేలిముద్ర వేసి వస్తారు. వాళ్లకది ఒక్క పూట పని, ఇక్కడ మాత్రం 16 గంటలపాటు బ్రతికే ఉండాలి.

పాఠం అయ్యాక దరఖాస్తు. ఐయాక్రా అనే వెబ్‌సైటులో పేరుకు మూడు గళ్లు ఉంటాయి. మన పేర్లకు అవి చాలవన్నది కాదు సమస్య, ఏ ముక్క ఏ గడిలో పడాలన్నది. ఇంటిపేరు ముందా వెనకా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు తెలియదని రాసి పేరంతా ఇంటిపేరు గడిలోకి ఎందుకు తోశారు, పత్రం మీద ఉన్నది ఏ అవతారం, ఇవన్నీ ఒకదానితో ఒకటి అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది, ఈలోగా నెల ముగింపు దగ్గరపడుతుంది.

చిరునామా దగ్గర మాత్రం మనవాళ్లదే పైచేయి అని గర్వంగా చెప్పుకోవచ్చు. పోస్టు బాక్సు మాత్రమే ఉన్నవారు, పల్లె తపాలా మార్గంలో ఉన్నవారు, ఇంటికి దారి ఎలాగో వివరంగా రాసి లేదా పటం గీసి జతపరచాలని ఎఫ్ఏఏ దరఖాస్తు అడుగుతుంది. రామాలయం వెనక సందులో, పాత రేషన్ షాపు ఎదురుగా, నీళ్ల ట్యాంకు దాటాక అని అసలు చిరునామాలోనే దారి రాసే జాతికి విడిగా పటం దేనికి?

ఇన్ని బాధలు చూసి కాబోలు, 2024 డిసెంబరు 1 నుంచి ఎఫ్ఏఏ ఒక పెద్ద సంస్కరణ తెచ్చింది: సీఎఫ్ఐ పత్రం మీద గడువు తేదీ ముద్రించడం మానేసింది. ఇక పత్రానికి కాలం తీరడమన్నదే లేదు. తీరేది శిక్షకుడి ఇటీవలి అనుభవం మాత్రమే. అది తీరడానికి కూడా 24 క్యాలెండరు నెలలే పడుతుంది. కార్డు మీద లేని ఆ తేదీ ప్రభుత్వ రికార్డులో ఉంటుంది కనుక, శిక్షకుడు దాన్ని తన మనసులోనే ముద్రించుకోవాలి. ఒక మేలు మాత్రం నిజంగా చేశారు. పూర్వం ఒక్క రోజు దాటినా పరీక్షే శరణ్యం; ఇప్పుడు మూడు క్యాలెండరు నెలల లోపల అదే 16 గంటల కోర్సు చేసి పత్రాన్ని తిరిగి నిలబెట్టుకోవచ్చు. విద్య పూర్తిగా మరచిపోవడానికి మూడు నెలలు అదనంగా పడుతుందని శాస్త్రం ఇప్పటికి ఒప్పుకుందన్నమాట.

ఒక చేత్తో ఇలా ఇచ్చి, మరో చేత్తో విదేశాల్లో ఉన్నవారికి మరో బాధ్యత అప్పగించారు. అమెరికాలో నివాస చిరునామా లేని పత్రధారులు అక్కడ ఒక ప్రతినిధిని నియమించుకుని, ఎఫ్ఏఏ పంపే నోటీసులు అందుకునే భారం అతనికి అప్పగించాలి. కొత్తగా దరఖాస్తు చేసేవారికి 2025 జనవరి 6, అప్పటికే పత్రం ఉన్నవారికి అదే ఏడాది జులై 7 గడువులు. ప్రతినిధి లేకపోతే పత్రం ఉండీ లేనట్టే. ప్రతినిధికి 18 ఏళ్లు నిండాలి, అమెరికాలో పోస్టు బాక్సు కాని అసలైన చిరునామా ఉండాలి. అతనికి విమానాల గురించి తెలిసి ఉండాలని ఎవరూ అనలేదు.

ఈ విషయంలో తెలుగువారు ధన్యులు. డాలస్‌లో ఒక బావమరిదో న్యూజెర్సీలో ఒక పెదనాన్న కొడుకో లేని ఇల్లు అరుదు కదా. పెళ్లిపిలుపు దగ్గర మాట పడి నాలుగేళ్లుగా మాటలు లేని బావమరిది అయినా సరే, ఇప్పుడు ఆయనే దిక్కు. అయితే ఆయన ఇల్లు మారినప్పుడు మనకు చెప్పాలి, పిజ్జా కూపన్ల మధ్య కలిసిపోయిన ప్రభుత్వ కవరును గుర్తుపట్టాలి, దాన్ని తెరవాలి, మర్నాడు పొద్దున్న కాకుండా ఆ రాత్రే ఫోన్ చేయాలి. ఈ గొలుసులో అన్నిటికన్నా బలహీనమైన కొక్కెం ఆయనే గనుక, శిక్షకుడికి పెట్టిన నియమాలే ఆయనకూ పెట్టడం సబబని ఈ వ్యాసకర్త సవినయంగా ప్రతిపాదిస్తున్నాడు: 24 నెలలకోసారి, బావమరుదులకు, ఆన్‌లైన్‌లో, గడియారం పెట్టి, 16 గంటలు.