ఖాళీ విండో ఒక్కటి రావడానికి ఇంత యాతనా?

గేమ్ రాయడం కష్టమంటే ఒప్పుకుంటాను. కానీ గేమ్ సంగతి మొదలుకాకముందే, తెర మీద ఖాళీ విండో ఒకటి కనిపించడానికే ఇంత తల బద్దలుకొట్టుకోవాలా?

సీ++లో ఎస్‌డీఎల్‌తో (విండో, బొమ్మలు, శబ్దం, కీబోర్డు లాంటివి చూసుకునే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీ) మొదలుపెట్టే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. విండోస్ వాళ్లకి మింగ్‌డబ్ల్యూ అనే కంపైలర్‌కి (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే సాధనం) ఒక జిప్, విజువల్ సీ++ అనే కంపైలర్‌కి ఇంకోటి. ఏది తమదో కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది? హెడర్లు (లైబ్రరీలో ఏముందో చెప్పే ఫైళ్లు), లైబ్రరీలు ఎక్కడున్నాయో చూపించాక, ముక్కల్ని కలిపి ప్రోగ్రామ్ చేసే లింకర్ 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు విన్‌మెయిన్' అంటుంది. విండోస్ ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు పేరట, కానీ విన్‌మెయిన్ అనే మాట వాళ్లు కోడ్‌లో ఎక్కడా రాయనే లేదు! ఎస్‌డీఎల్ రెండో వెర్షన్ ఎస్‌డీఎల్2లో అయితే మింగ్‌డబ్ల్యూ32, ఎస్‌డీఎల్2మెయిన్, ఎస్‌డీఎల్2 అన్న వరసలో లింక్ చేయాలి. వరస మారితే మళ్లీ అదే ఎర్రర్. ఎలాగో బిల్డ్ అయితే, డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కావలసిన లైబ్రరీ ఫైలు) దొరకలేదని మెసేజ్. దాన్ని ఈఎక్స్ఈ (తయారైన ప్రోగ్రామ్ ఫైలు) పక్కన పెట్టాలని ముందే ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది పాత పాఠాలతో. 2025 జనవరిలో ఎస్‌డీఎల్3 వచ్చింది. ఎస్‌డీఎల్2లో లైబ్రరీని మొదలుపెట్టే ఇనిట్ ఫంక్షన్ సరిగ్గా జరిగితే సున్నా వచ్చేది, ఇప్పుడు ట్రూ (అంటే సున్నా కానిది) వస్తుంది. సున్నా కాకపోతే ఎర్రర్ అని రాసిన పాత కోడ్‌ని అలాగే ఎక్కిస్తే, అంతా సవ్యంగా ఉన్నా ప్రోగ్రామ్ ఆగిపోతుంది. విండో తెరిచే ఫంక్షన్‌లో ఎక్స్, వై స్థానాలు కూడా తీసేశారు. ఇవన్నీ మొదటి రోజు పిల్లలకెలా తెలుస్తాయి? లాజిక్ బాగా వచ్చినవాళ్లు కూడా 'ఇది నావల్ల కాదు' అని వదిలేస్తున్నారు.

పాఠాలు రాసేవాళ్లూ, దయచేసి లైబ్రరీ వెర్షన్, కంపైలర్ పేరు మొదటి లైన్లోనే రాయండి.