నాటిన చెట్ల లెక్క ఒక్కటే సరిపోదు
కోట్ల మొక్కలు నాటితే గాల్లో కార్బన్ తగ్గుతుంది, జీవవైవిధ్యం దాని వెనకే వస్తుందని ఒక వ్యాసంలో రాశారు. ఈ మాట నేను ఒప్పుకోలేను. ఒకే జాతి చెట్లు వరసగా నాటిన తోటలోకి వెళ్లి చూడండి: కింద ఎండుటాకులే తప్ప పొదలుండవు, పిట్టల అరుపు కూడా అరుదు. తెగులు సోకినా, కార్చిచ్చు రేగినా అందులో దాచిన కార్బన్ మళ్లీ గాల్లోకే పోతుంది. సహజమైన అడవి వేరు. గట్టి కలపతో ఎక్కువ కార్బన్ పట్టి ఉంచే చెట్లలో చాలావాటికి గింజలు పెద్దవి. వాటిని మింగి దూరంగా వేసేవి ఏనుగులు, పందిలా కనిపించే పొడవు ముక్కు టాపిర్లు, హార్న్‌బిల్ పక్షులు, పెద్ద కోతులు. వేట వల్ల అవి పోయినా అడవి పైకి పచ్చగానే ఉంటుంది, కానీ మెల్లమెల్లగా తేలిక కలప చెట్లే మిగులుతాయి. సముద్రంలోనూ ఇంతే, ఉత్తర పసిఫిక్‌లో సీ ఆటర్లు (సముద్రపు నీటిపిల్లులు) తగ్గిన చోట, అవి తినే ముళ్ల జీవులు సీ అర్చిన్లు పెరిగిపోయి కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు అడవులను మొదలంటా కొరికేశాయి. సహజంగా అడవి లేని చోట చెట్లు పెంచితే అక్కడి జీవజాతులకు హాని జరగొచ్చని వాతావరణ మార్పును అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ, జీవవైవిధ్యాన్ని అధ్యయనం చేసే ఐపీబీఈఎస్ కలిసి నిర్వహించిన వర్క్‌షాప్ నివేదిక 2021లోనే హెచ్చరించింది. అసలు నాటడం కంటే ముందు పీట్ నేలలను, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలలను, ఎండగట్టడం ఆపాలి. భూభాగంలో 3 శాతమే ఉన్నా, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటికంటే ఎక్కువ కార్బన్ వాటిలోనే ఉంది, ఎండితే అది గాల్లోకి పోతుంది.