తప్పెటగుళ్లకు పూచీ ఎవరు?

మా వైపు వీసా అంటే కొనుక్కునేది. టెక్కలి, పలాస, సోంపేట వైపు ఏ టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చున్నా "ఫలానావాళ్ల కుర్రాడు వీసా కొన్నాడట" అనే మాట చెవిన పడుతుంది. వెల్డరుగానో ఫిట్టరుగానో గల్ఫ్ వెళ్లేవాడు అప్పు చేసి ఏజెంటు చేతిలో డబ్బు పోస్తాడు. రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని నిబంధన ఉందని చెబితే నవ్వుతారు. వీసా ఖర్చు పనిచ్చేవాడు పెట్టుకోవాలంటే ఇంకా నవ్వుతారు.

ఈ అలవాటు కళాకారులకూ అంటుకుంది. విజయనగరం దగ్గర ఒక పల్లెలో తప్పెటగుళ్ల బృందం ఉంది, రేకు డప్పులు వాయిస్తూ ఆడే జానపద కళ అది. పదహారు మంది. వాళ్లకు అమెరికాలోని ఒక తెలుగు సంఘం నుంచి పిలుపొచ్చింది. ఇంగ్లీషు ఉత్తరం కాబట్టి బృందం గురువు దాన్ని పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఉత్తరంలో మర్యాదకేం లోటు లేదు. మన జానపద సంపదను రాబోయే తరానికి అందించాలని ఉంది, మూడు రోజుల బస, భోజనం, సన్మానం ఉన్నాయి. చివరి పేరాలో మాత్రం "విజిట్ వీసాలు మీరే తెచ్చుకోగలరు" అని ఒక ముక్క ఉంది. మొత్తం వ్యవహారం ఆ ముక్కలోనే ఉంది.

విజిట్ వీసా మీద వెళ్లి చుట్టాలను చూడొచ్చు, నయాగరా చూడొచ్చు. డబ్బు తీసుకుని ప్రదర్శన ఇవ్వకూడదు. ఆ డబ్బుకు సన్మానం అని పేరు పెట్టి, కవరులో పెట్టి, శాలువా కింద చేతికిచ్చినా అది పారితోషికమే. మినహాయింపులు ఉన్నాయి గానీ ఇరుకైనవి. కళాకారుడిని అతని ప్రభుత్వమే సాంస్కృతిక కార్యక్రమానికి పంపి, ఖర్చంతా భరించి, టికెట్ కొనని ప్రేక్షకుల ముందు ఆడిస్తే బీ-1 అనే విజిట్ వీసా మీద వెళ్లొచ్చు. భారత సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) లాంటి ప్రభుత్వ సంస్థ పంపే బృందాలకు పనికొచ్చే దారి ఇది. సంఘం పిలిచి, సంఘం డబ్బిచ్చే కార్యక్రమానికి వర్తించదు.

తేడా వస్తే దెబ్బ ఎవరికి? పిలిచిన సంఘానికి పోయేది ఒక కార్యక్రమం. కళాకారుడిని విమానాశ్రయంలోనే వెనక్కి తిప్పి పంపొచ్చు, వీసా రద్దు చేయొచ్చు. ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పాడని రాశారంటే ఆ దేశం తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు. అది కూడా ఇంగ్లీషులో ఏం అడిగారో సరిగా అర్థం కాని మనిషికి. 2018లో చికాగోలో సాంస్కృతిక కార్యక్రమాల పేరు చెప్పి తెలుగు సినిమా నటీమణులను రప్పించి వ్యభిచారం చేయించారని కేసు నడిచినప్పటి నుంచి, ఆహ్వాన పత్రం ఒక్కటి చూపిస్తే కుదిరే కాలం పోయింది.

సరైన దారి లేదా అంటే ఉంది. అమెరికా చట్టంలో పీ-3 అనే వీసా సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే పెట్టారు. ఒక జాతికో ప్రాంతానికో ప్రత్యేకమైన కళను ప్రదర్శించడానికి, నేర్పడానికి కూడా, ఏడాది దాకా ఇస్తారు. సినిమా గాయకుడికి ఓ-1 అనే వీసా కావాలంటే పేరుప్రతిష్ఠలు రుజువు చేసుకోవాలి. పీ-1 అనే వీసా కావాలంటే బృందానికి అంతర్జాతీయ గుర్తింపు ఉండాలి. పీ-3లో ప్రపంచంలో మీ పేరు ఎంతమందికి తెలుసు అని అడగరు. ఈ కళ నిజంగా మీదేనా, మీకు వచ్చా అని అడుగుతారు. గంగమ్మ పేరెత్తి, రేకు డప్పు రొమ్ముకు ఆనించి వాయిస్తూ, గజ్జెకట్టి గంతులేసే యాదవ బృందానికి ఇంతకంటే అనువైన ప్రశ్న ఏముంటుంది?

అయితే ఆ దరఖాస్తు కళాకారుడు వేసేది కాదు. ఐ-129 అనే పిటిషన్‌ను అమెరికాలో ఉన్న యజమానో ఏజెంటో వేయాలి. ఒప్పంద పత్రం, ఏ తేదీన ఏ ఊళ్లో ఏ వేదిక మీద ఆడతారన్న పట్టిక, కళ గురించి నిపుణుల లేఖలు జతపరచాలి. అక్కడి కళాకారుల యూనియన్ అభిప్రాయం కూడా తెచ్చుకోవాలి. (న్యూయార్క్‌లో ఎవరో యూనియన్ ఉద్యోగి తప్పెటగుళ్ల మీద అభిప్రాయం రాస్తూ కూర్చున్న దృశ్యం ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది. తగిన యూనియన్ లేదని చూపిస్తే ఆ లేఖ లేకుండానే తేలుస్తారు.) అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. గడువు తీరకముందే పని లేదు పొమ్మంటే, తిరుగు ప్రయాణం ఖర్చు పిలిచినవాళ్లదే.

స్పాన్సర్ అనే మాటకు మన భాషలో పూచీ కంటే మంచి మాట లేదు. విజిట్ వీసా మీద రమ్మనడం అంటే ఆ పూచీని తీసి కళాకారుడి నెత్తిన పెట్టడమే. పిటిషన్ వేస్తే అది ఉండాల్సిన చోట ఉంటుంది.

"అంత ఖర్చు మావల్ల కాదు" అని ఆ సంఘం వారు ఫోన్లో అన్నారు. లెక్క వేసి చూశాను. 2024 ఏప్రిల్ నుంచి పీ పిటిషన్ రుసుము 1,015 డాలర్లు. లాభాపేక్ష లేని సంస్థకు 510. మామూలు యజమానులు అదనంగా కట్టే 600 డాలర్ల శరణార్థుల నిధి రుసుము ఇలాంటి సంస్థలకు లేదు. ఒక పిటిషన్‌లో 25 పేర్ల దాకా రాయొచ్చు. అంటే పదహారు మందికీ కలిపి 510 డాలర్లు, తలకు 32. దాని మీద కాన్సులేట్‌లో వీసా రుసుము ఒక్కొక్కరికీ 205 చొప్పున 3,280. 2025లో చేసిన చట్టం ఒక్కో వీసాకు మరో 250 డాలర్లు వసూలు చేయమంది. అది కలిస్తే ఇంకో 4,000. లాయరు ఫీజు వేరే. పదిహేను పనిదినాల్లో తేల్చమని తొందరపెడితే దానికి దాదాపు మూడు వేల డాలర్లు. ముందుగా మొదలెడితే ఆ తొందర ఖర్చే ఉండదు, ఏడాది ముందు నుంచీ పిటిషన్ వేసుకోవచ్చు. పదహారు విమానం టికెట్లు కొనడానికి సిద్ధపడ్డవాళ్లను ఆపేది 510 డాలర్లు కాదు.

వాళ్ల ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. అక్కడ పనిచేసేవాళ్లంతా వలంటీర్లు. పగలు ఉద్యోగం, రాత్రి కమిటీ ఫోన్లు. జూలై మొదటి వారంలో సభలంటే మార్చిలో కళాకారుల జాబితా రాస్తారు. ఇదే పని సినిమా పాటల బృందాల కోసం చేసే ప్రమోటర్లు ఉన్నారు, వాళ్లకు లాయర్లూ ఉన్నారు. జానపదం దగ్గరికి వచ్చేసరికి ఆరు నెలల ముందు ఆలోచించాలని ఎవరికీ తోచదు, అంతే. డబ్బు కన్నా తీరిక తక్కువ.

తప్పు అక్కడే ఉందని కూడా అనను. పిటిషన్ వేద్దాం, మీ దగ్గరున్న పేపర్ కటింగులు పంపండి అని చివరికి సంఘం వారు ఒప్పుకున్నారు. గురువు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అందులో పదకొండు కటింగులున్నాయి. ఒక్కొక్కటీ నేల మీద పరిచాం. ఉత్సవంలో తప్పెటగుళ్లు, కలెక్టరేట్‌లో తప్పెటగుళ్లు, మంత్రిగారి స్వాగతానికి తప్పెటగుళ్లు. ప్రతి ఫొటో కింద ఎమ్మెల్యే పేరుంది, ఆర్డీవో పేరుంది, దండ వేసినాయన పేరుంది. ఆడినవాళ్ల గురించి "తప్పెటగుళ్ల బృందం అలరించింది" అని మాత్రం ఉంది. గురువు కళ్లజోడు సవరించుకుని, "ఏటి మాస్టారూ, ఇందులో మా పేర్లు నేవా?" అన్నాడు. ఇరవై ఏళ్ల ఫొటోల్లో తను ఉన్నాడు, అక్షరాల్లో లేడు.

పాస్‌పోర్టుల దగ్గర ఇంకో తంటా. బృందంలో ముగ్గురు అప్పన్నలు, ఇద్దరు రాములు. ఒకాయనకు ఆధార్‌లో ఇంటిపేరుంది, పాస్‌పోర్టులో లేదు. వృత్తి అన్న గడి దగ్గర ఆగిపోయాం. నలుగురు గొర్రెలు కాస్తారు, ఒకడు ఆటో నడుపుతాడు, మిగతావాళ్లు కూలికి వెళ్తారు. కళాకారుడు అని రాస్తే ఆదాయం ఏదంటారు, కూలీ అని రాస్తే డప్పెందుకంటారు. బ్రిటన్‌లోనూ ఇదే చిక్కు. స్పాన్సర్ లేకుండానే ఆహ్వానం మీద వెళ్లి 30 రోజుల్లో ప్రదర్శన ఇచ్చి రావచ్చు గానీ, అది మీ వృత్తేనని చూపించాలి. లేకపోతే లైసెన్సున్న స్పాన్సర్ కావాలి.

ఇక్కడే మన సంస్థలు చేయగలిగిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. పీ-3కి ఎక్కువ బలం నిపుణుల లేఖలే. విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే పాఠం చెప్పారు, ఘంటసాల అక్కడే చదివారు. ఆ లెటర్‌హెడ్ మీద "ఈ కళ ఈ రెండు మూడు జిల్లాలదే, ఫలానా పదహారు మంది దీన్ని పెద్దల దగ్గర నేర్చుకున్నారు" అని పేర్లతో సహా ఒక పేజీ రాసిస్తే, ఎమ్మెల్యే ఫొటో ఉన్న కటింగులు వంద కలిపినా దాని సాటి రావు. ఎచ్చెర్లలో యూనివర్సిటీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. ప్రదర్శనకు పిలిచే ప్రతి ప్రభుత్వ శాఖా ఆడినవాళ్ల పేర్లు, తేదీ, ఇచ్చిన మొత్తం రాసి ఒక కాగితం చేతిలో పెడితే ఆదాయం లెక్కా తేలుతుంది. రావిచెట్టు కింద నేర్చుకున్న విద్యకు సర్టిఫికెట్ ఎక్కడుంటుందని మనమే ఎకసెక్కంగా అంటాం. ఉండదు కాబట్టే ఎవరో ఒకరు రాసివ్వాలి.

పిటిషన్ ఆమోదం పొందినా పని అయిపోదు. పదహారు మందీ రాత్రి రైలెక్కి హైదరాబాద్ వెళ్లాలి, ఒక రోజు వేలిముద్రలు, ఇంకో రోజు ఇంటర్వ్యూ. తిరిగి వస్తారన్న నమ్మకం కలగకపోతే ఒకరిద్దరిని కాదనొచ్చు. తప్పెటగుళ్లలో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే అంచెలుంటాయి. అడుగున నిలబడేవాడికి వీసా రాకపోతే పైవాడు ఎక్కేదెక్కడ? బృందంలో ఒకరి బదులు ఇంకొకరిని చేర్చమని పిటిషన్ వేసినవాళ్లు కాన్సులేట్‌కు లేఖ ఇవ్వొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి కళాకారుడికి తెలియదు, పూచీ పడ్డవాళ్లకు తెలియాలి.

మేం ఇదంతా తెలుసుకునేసరికి ఏప్రిల్ దాటింది. ప్రయాణం ఆగిపోయింది. ఆగస్టులో ఎవరో ఆ సభల వీడియో పంపితే గురువుకు చూపించాను. అక్కడి పిల్లలు ఎనిమిది మంది, పట్టు పంచెలు కట్టుకుని, మెడలో ప్లాస్టిక్ డప్పులు వేసుకుని ఆడుతున్నారు. ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశాడు.

"ఆ రెండో పిల్లడు అడుగు బాగానే ఏస్తన్నాడు మాస్టారూ. ఎవులు నేర్పినారో."