ముందుగా ఒప్పుకున్నవాడికి మినహాయింపు సిండికేట్లను పెంచుతుందా?

జీడిపిక్కల కొనుగోళ్లు మొదలైన దగ్గర నుంచి శ్రీకాకుళం జిల్లాలో ఒక వాట్సాప్ సందేశం విరివిగా తిరుగుతోంది. సిండికేట్ కట్టిన వ్యాపారుల్లో ముందుగా ఒప్పుకున్నవాడికి జరిమానా మాఫీ చేయడమంటే దొంగను వదిలేయడమేననీ, ఆ ధైర్యంతో సిండికేట్లు ఇంకా పెరుగుతాయనీ, పైగా వ్యాపారులు మాట్లాడుకోకుండానే ఒకే ధర పెట్టగలరు కనుక చట్టం వారిని పట్టుకోలేదనీ దాని సారాంశం. ఏ కొట్టుకు వెళ్లినా 80 కిలోల బస్తాకు ఒకే ధర విన్న ఉద్దానం రైతు కోపం న్యాయమైనదే. కానీ ఈ మూడు వాదనలూ నిలబడవు.

దొంగను వదిలేయడం అనే మాట సగమే నిజం. వ్యాపారుల కుమ్మక్కును నిషేధించే కాంపిటీషన్ చట్టం 46వ సెక్షన్ కింద, దాన్ని అమలుచేసే కాంపిటీషన్ కమిషన్ దగ్గరకు మొదట వచ్చినవారికి 100 శాతం వరకు, రెండోవారికి 50 శాతం వరకు, తర్వాతివారికి 30 శాతం వరకు జరిమానా తగ్గవచ్చు; అయితే వారు కుమ్మక్కు మానుకుని, కీలక ఆధారాలు ఇచ్చి, విచారణకు చివరిదాకా సహకరించాలి. 2018లో టార్చిలైట్ బ్యాటరీల కేసులో పానసోనిక్‌కు పూర్తి మినహాయింపు దక్కింది, కానీ అది ఇచ్చిన సమాచారం వల్లనే ఎవరెడీకి 171.55 కోట్లు, నిప్పోకు 42.26 కోట్ల రూపాయల జరిమానా పడింది. పైగా తగ్గేది జరిమానా మాత్రమే. నష్టపోయినవారు 53ఎన్ సెక్షన్ కింద అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో పరిహారం కోరే హక్కు అలాగే ఉంటుంది.

రెండో వాదనకు కొంత ఆధారం ఉంది గనుక దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. మినహాయింపు లేనప్పుడు అందరూ నోరు మూసుకోవడమే అందరికీ క్షేమం. అది ఉన్నప్పుడు పక్కవాడు ముందు వెళ్తాడేమోనన్న భయం ప్రతివాడినీ వెంటాడుతుంది. అమెరికా 1978లో ప్రారంభించిన పథకానికి పెద్దగా స్పందన రాలేదు. విచారణ మొదలుకాకముందే వచ్చిన మొదటివారికి మాఫీ ఖాయమని 1993లో మార్చాకే దరఖాస్తులు బాగా పెరిగాయి. 2008లో వెలువడిన ఒక ప్రయోగ ఫలితాల్లోనూ ఇలాంటి పథకం ఉన్నప్పుడు కుమ్మక్కులు తక్కువగా ఏర్పడ్డాయి. అయితే 2012 నాటి మరో ప్రయోగంలో, తట్టుకుని నిలిచిన కుమ్మక్కులు మరింత స్థిరపడినట్టు తేలింది. కమిషన్ తనంతట తానుగా సోదాలు చేస్తుందన్న భయం లేనిచోట మినహాయింపు కోసం ఎవరూ గడప తొక్కరు. కాబట్టి కోరవలసింది మినహాయింపు రద్దును కాదు, సోదాలను.

మాట్లాడుకోకుండానే ధర కలుస్తుందన్నది అమ్మేవారు ఇద్దరే ఉన్నచోట కొంతవరకు సాధ్యమని ప్రయోగాలు చూపించాయి; సంఖ్య పెరిగేకొద్దీ మాట్లాడుకోకుండా ధరను నిలబెట్టడం కష్టం. పలాసలో జీడి పరిశ్రమలు వందల సంఖ్యలో ఉన్నాయి. అక్కడ ధర ఒక్కటైతే అందరినీ ఒకేలా తాకిన మార్కెట్ మార్పు కారణం కావచ్చు, లేదా ఫోన్ సంభాషణ కావచ్చు. ధరను చూసి మాత్రమే ఏదని చెప్పలేం. గ్యాస్ సిలిండర్ల తయారీదారులు ఒకేలాంటి టెండర్లు వేసిన కేసులో 2018లో సుప్రీంకోర్టు, మార్కెట్ పరిస్థితులను చూసి, ఆ పోలిక ఒక్కటే చాలదని జరిమానాలు కొట్టేసింది. అందుకే లోపలి మనిషి నోరు విప్పడం అవసరం. కాగితం మీద ఒప్పందం ఉండనక్కరలేదు, నోటిమాటనూ చట్టం ఒప్పందంగానే చూస్తుంది. 2017 నుంచి సంస్థ తరఫున సిండికేట్‌లో పాల్గొన్న వ్యక్తులు కూడా మినహాయింపు కోరవచ్చు కాబట్టి, యజమాని చెప్పిన ధరను మిగతా కొట్లకు ఫోన్‌లో చేరవేసిన గుమస్తాకు సైతం ఆ దారి తెరిచే ఉంది.