బకెట్ గారికి ఏసీ, మాకు డాబా

మా బామ్మర్ది బీరు కాస్తుండాడు. కాస్తుండాడు అంటే వాడికి కోపం, "కాయడం కాదు బావా, బ్రూయింగ్" అంటాడు. బెంగుళూరు ఉద్యోగం, కావలిలో వర్క్ ఫ్రం హోం, మధ్యలో ఈ జబ్బు తగులుకునింది. మీ ఇళ్ళల్లో కూడా ఇట్టాంటోడు ఒకడు ఉండే ఉంటాడు లెండి.

సంగతేందంటే బీరుని పులియబెట్టే ఆ ఈస్టు గారికి 18 నించి 20 డిగ్రీలుండాలంట. మే నెల, బయట 43. అందుకని 20 లీటర్ల బకెట్‌ని ఇంట్లో ఉండే ఒకే ఒక్క ఏసీ రూములోకి తీసకపోయి, 18లో పెట్టి తలుపేసినాడు. బకెట్ గారు లోపల, మేం ఏడుగురం డాబా మీద చాపలేసుకుని దోమలు కొట్టుకుంటా. మా మామకి షుగరు, రాత్రికి నాలుగుసార్లు లేవాల, బాత్రూమేమో ఆ రూములోనే, ఆయన మెట్లు దిగినప్పుడల్లా "నాయనా, తలుపు ఎక్కువసేపు తీయబాక, టెంపరేచర్ పోద్ది" అని పైనించి వీడి కేక. ఆ బకెట్ మూతకి ఎయిర్‌లాక్ అని చిన్న గొట్టం, దాంట్లో నీళ్ళు, లోపల గ్యాసు తన్నుకొస్తే గుడుక్ మంటది. నిమిషానికి ఎన్ని గుడుక్కులో ఎక్సెల్‌లో రాసుకుంటాడు. కొడుక్కి జొరమొస్తే థర్మామీటర్ యాడుందో తెలీదు. తిన్న కంచం తియ్యడు, సీసాల్ని మాత్రం మూడేసి సార్లు శానిటైజ్ చేస్తాడు!

ఐదో రోజు గుడుక్కులు ఆగినాయి. అయిపోయింది బావా అని ముప్పై సీసాల్లో పట్టి, ఒక్కోదానికి రెండు స్పూన్ల చక్కెరేసి, మూత బిగించి అటకెక్కించినాడు. ఈస్టు చావలేదు నాయనా, చలికి ముడుక్కోని పడుకునింది అంతే. అటక మీద ఉడుక్కి లేచింది, చక్కెర దొరికింది, గ్యాసు పోయే దారి లేదు. రాత్రి రెండున్నరకి ఢాం. ఇంకోటి. ఇంకోటి. పదకొండు పేలినాయి. సిలిండరేమో అని ఎదురింటాయన లుంగీ ఎగ్గట్టుకోని రోడ్డు మీదికి ఉరికినాడు.

మా అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోని వచ్చి "ఇది బెల్లం ఊట కంపు గదరా" అనింది.

"అమ్మా, అమెరికాలో 1978లోనే ప్రెసిడెంట్ కార్టర్ ఇంట్లో బీరు చేసుకోవచ్చని సంతకం పెట్టినాడు తెలుసా" అన్నాడు వీడు.

మీ అమ్మది మన నెల్లూరు జిల్లా కలిగిరి పక్క పల్లె రా. 1992లో దూబగుంట రోశమ్మోళ్ళు సారా అంగడి మూయించినాక ఈమె కూడా చీపురు పట్టుకోని పోయింది, చంకలో నువ్వుండావు. కూలి డబ్బులు సారాకి పోయి పిల్లోళ్ళు గంజి తాగి పడుకున్న ఇళ్ళు అవి. ఆ ఆడోళ్ళు పోరాడితే 93లో సారా ఆగింది, 95లో మొత్తం మందే ఆపినారు, 97కల్లా మళ్ళీ తలుపులు తెరిచినారు, సిగ్గులేకుండా. ఈరోజుక్కూడా చెరువు కట్ట కింద డ్రమ్ములో ఊట పెట్టినోడిని పట్టుకోని, పక్కన నిలబెట్టి ఫోటో తీసి పేపర్లో వేస్తారు. లైసెన్సు లేకుండా నువ్వు పెట్టింది కూడా అదే నేరం, అదే పులుపు, నీకు మాత్రం వాట్సాప్ స్టేటస్సు, "మై ఫస్ట్ బ్యాచ్", నలభై మంది లవ్ గుర్తులు. వాడు దొంగ, నువ్వు కళాకారుడివి. థూ.

తెల్లారి మా అత్త మిగిలిన పంతొమ్మిది సీసాల్నీ గోనెపట్ట కప్పి ఒక్కోటి తెరిచి కాలవలో పోసింది. కొబ్బరిచెట్టుకి పొయ్యొచ్చు గదా అంటే, చెట్టేం పాపం చేసింది అనింది.

ఆ రాత్రి ఏసీ రూములో మామ, అత్త పడుకున్నారు. 26లో పెట్టుకోని.